వంకర అని రాసి కొట్టేశాను

దోస నులితీగ బొమ్మ గీసి, పక్కన "వంకరగా ఉంది" అని రాశాను. రాసిన వెంటనే ఆ మాట నచ్చలేదు, కొట్టేశాను.

కుక్క తోకది వంకర, సరే. కానీ ఈ తీగది మెలిక. కొస దేన్నో పట్టుకున్నాక ఇక రెండు చివరలూ బిగిసిపోతాయి కదా, అందుకని కొంత దూరం ఒక దిక్కుకి చుట్టుకుని, మధ్యలో చిన్న మలుపు తీసుకుని, మిగతాదంతా ఎదురు దిక్కుకి చుట్టుకుంటుంది. డార్విన్ 1865లోనే దీని గురించి రాశాడు. ఆ మలుపు నా కంటికి మాత్రం ఈరోజే చిక్కింది, ఎంత సంతోషమేసిందో!

ఇక అక్కడి నుంచి మాటలు ఆగలేదు. డేగ ముక్కుకి కొక్కెం. యూకలిప్టస్ ఆకుకి కొడవలి (వృక్షశాస్త్రంలో ఆ ఆకారానికి వాడే లాటిన్ మాట కూడా కొడవలి నుంచి పుట్టిందే). ఇంకా విచ్చుకోని ఫెర్న్ ఆకుకి చుట్ట.

నత్త గుల్లకి మాత్రం సుడి అనే అనాలి. అది అంచు దగ్గరే కొత్తగా పెరుగుతూ పోతుంది, పాత చుట్లు అలాగే ఉండిపోతాయి, అంటే ఆ నత్త పసితనం నాటి గుల్ల నడిమధ్యలో ఇంకా ఉందన్నమాట! పొట్టేలు కొమ్ముది తిరగేసిన లెక్క, మొదలు దగ్గర పెరుగుతుంది, చిన్నప్పటి కొమ్ము కొసకి జరుగుతుంది.

ఏనుగు తొండం దగ్గర ఆగిపోయాను. ఎముక లేదు, క్షణానికో వంపు. ఆ చోటు ఖాళీగా వదిలేశాను, మీకేదైనా మాట తడితే చెప్పండి.