రికార్డు బటన్ పిల్లల చేతికిస్తే

స్క్రీన్ రికార్డింగ్‌తో లెక్కలు చెప్తున్నానని తెలిసినవాళ్ళు మొదట అడిగేది "మీ యూట్యూబ్ ఛానల్ పేరేంటి మేడమ్?" అని. నాకు ఛానల్ లేదు. త్రికోణమితి, శ్రేఢులు, సంభావ్యత... పదో తరగతి సిలబస్‌లో ఏ పాఠం వెతికినా తెలుగులో బోలెడు వీడియోలు దొరుకుతున్నాయి. వాటిలో మంచివి చాలానే ఉన్నాయి. మా స్కూల్లో ఎక్కువగా రికార్డు చేసేది పిల్లలు. చూసేది నేను.

ప్రకాశం జిల్లాలో ఒక జెడ్‌పీ హైస్కూల్లో లెక్కలు చెప్తాను. పేపర్లు దిద్దేటప్పుడు నన్ను ఎప్పుడూ ఒక విషయం ఇబ్బంది పెట్టేది. జవాబు కరెక్టు, స్టెప్పులు కరెక్టు. కానీ అర్థమై రాసిందా, గైడులో ఉన్నది గుర్తుపెట్టుకుని రాసిందా అన్నది ఆ పేపరు చెప్పదు. ప్రతి ఒక్కరినీ బోర్డు దగ్గరికి పిలిచి చెప్పించుకుందామంటే పీరియడ్ సరిపోదు. పైగా నలుగురి ముందు నోరు విప్పని పిల్లలు ప్రతి క్లాసులో ఉంటారు. వాళ్ళకు ఒక కంప్యూటరు, ఒక ఇయర్‌ఫోన్, నాలుగైదు నిమిషాలు ఇస్తే వాళ్ళలో వాళ్ళు మాట్లాడుకున్నట్టు లెక్క చెప్తారు. నాకు కావలసింది అదే.

పని చాలా చిన్నది. ల్యాబ్‌లో జియోజీబ్రా తెరుస్తాం. గ్రాఫులు గీయడానికి ఉచితంగా దొరికే సాఫ్ట్‌వేర్, బ్రౌజర్‌లోనే నడుస్తుంది. వర్గ బహుపది (ax² + bx + c) గ్రాఫ్ గీసి ఎ, బి, సి లకు మూడు స్లైడర్లు పెడతాను. స్లైడర్ జరిపితే పరావలయం, అంటే ఆ గ్రాఫ్‌లో వచ్చే వంపు గీత, కదులుతుంది. "ఈ గ్రాఫ్ ఎక్స్ అక్షాన్ని ఎప్పుడు తాకుతుంది, ఎప్పుడు తాకదు? జరుపుతూ, నీకేం అనిపిస్తోందో పైకి చెప్తూ రికార్డు చెయ్యి." ఇంతే ప్రశ్న. తెలుగులో చెప్పొచ్చు, ఇంగ్లీషులో చెప్పొచ్చు, రెండూ కలిపి చెప్పొచ్చు.

ఒక అమ్మాయి రికార్డింగ్ గురించి వివరంగా చెప్పాలి. ఎ ని ఒకటి దగ్గర, బి ని మైనస్ రెండు దగ్గర ఉంచి సి ని సున్నా నుంచి పెంచుకుంటూ పోయింది. "సి పెంచితే గ్రాఫ్ పైకి పోతోంది... ఇంకా రెండు చోట్ల కోస్తోంది... రెండూ దగ్గరవుతున్నాయి... ఇక్కడ ఒక్కచోటే తాకింది." అక్కడ సి విలువ ఒకటి. తర్వాత కాసేపు మాట లేదు. కర్సర్ మాత్రం 1 నుంచి 1.1 కి, మళ్ళీ 1 కి, మళ్ళీ 1.1 కి వెళ్ళొస్తోంది. ఆ తర్వాత "ఒకటి దాటగానే వదిలేసింది టీచర్!" అంది. విచక్షణి (b² - 4ac) సున్నా కన్నా తక్కువైతే వాస్తవ మూలాలు ఉండవు అన్న వాక్యం ఆ అమ్మాయి పరీక్షలో అంతకు ముందే రాసి మార్కులు తెచ్చుకుంది. అది నిజంగా అర్థమైంది మాత్రం ఆ మౌనంలో. మామూలు క్లాసులో అయితే అంతసేపు ఊరుకునేవాళ్ళం కాదు. నేనో, పక్క బెంచీ వాళ్ళో జవాబు అందించేసేవాళ్ళం.

ఇంకో అబ్బాయిది దీనికి పూర్తిగా తిరగేసిన కథ. ఎ మైనస్ అయితే శూన్యాలు, అంటే గ్రాఫ్ ఎక్స్ అక్షాన్ని కోసే చోట్ల విలువలు, కూడా మైనస్ అవుతాయని గట్టిగా నమ్మాడు. నిరూపిస్తానని ఎ ని మైనస్ ఒకటికి లాగి, బి ని మైనస్ రెండు, సి ని మూడు దగ్గర పెట్టాడు. పరావలయం బోర్లాపడి అక్షాన్ని మైనస్ మూడు దగ్గర, ఒకటి దగ్గర కోసింది. కర్సర్ నేరుగా మైనస్ మూడు మీదికి వెళ్ళింది. "చూశారా టీచర్, మైనస్ వచ్చింది." కుడివైపు, అంత స్పష్టంగా కనిపిస్తున్న ఒకటి వైపు కర్సర్ ఒక్కసారి కూడా పోలేదు. వాడు ముందే అనుకున్నదాన్నే చూశాడు. పేపరు మీద అయితే "తప్పు" అని ఇంటూ కొట్టి వదిలేసేదాన్నేమో. ఇక్కడ తప్పు సరిగ్గా ఎక్కడుందో దొరికింది. మర్నాడు వాడిని ఒక్కడినే కూర్చోబెట్టి, వీడియో అక్కడ ఆపి, "స్క్రీన్ మీద కుడిపక్క ఏముంది?" అన్నాను. అంతకు మించి ఒక్క మాట చెప్పే అవసరం రాలేదు.

పిల్లలు చేసినవి క్లాసులో అందరికీ వెయ్యను. వాళ్ళే "మాది వెయ్యండి" అని అడిగితే వేస్తాను. ఈ మాట మీద నిలబడకపోతే వాళ్ళు మనసులో మాట చెప్పడం మానేసి, గైడు భాష మాట్లాడటం మొదలుపెడతారు.

ఇక టూల్స్ సంగతి. ల్యాబ్ కంప్యూటర్లలో ఏది ఎక్కించాలన్నా అడ్మిన్ పాస్‌వర్డ్ కావాలి కాబట్టి, బ్రౌజర్‌లో నడిచే రికార్డర్లే మాకు సులువు. క్రోమ్‌లో రికార్డు నొక్కగానే మొత్తం స్క్రీనా, ఒక విండోనా, ఒక ట్యాబా అని అడుగుతుంది. ఎప్పుడూ ట్యాబే ఎంచుకోమంటాను. మిగతావేవీ రికార్డులో పడవు. లూమ్ అనే రికార్డర్ ఉచిత ప్లాన్‌లో ఒక్కో వీడియో ఐదు నిమిషాలే. చాలామంది దాన్ని లోపం అంటారు గానీ, మా పిల్లలకు అది మేలే చేస్తుంది. ఏం చెప్పాలో ముందు రఫ్ పేపర్ మీద ఒకసారి చూసుకుని వస్తారు. ఇంటర్నెట్ పోయిన రోజు విండోస్‌లో ఉన్న గేమ్ బార్ వాడతాం. విండోస్ కీ, ఆల్ట్, ఆర్ కలిపి నొక్కితే రికార్డింగ్ మొదలవుతుంది. ఓబీఎస్ స్టూడియో చాలా శక్తిమంతమైనది, ఉచితం కూడా. కానీ పిల్లలకు మొదటిరోజే ఇవ్వకండి, అన్ని ఆప్షన్లు చూసి బెదిరిపోతారు. ఫోన్ బ్రౌజర్‌లో ఈ ఆన్‌లైన్ రికార్డర్లు పనిచేయవు. ఆండ్రాయిడ్ 11 నుంచి ఫోన్‌లోనే స్క్రీన్ రికార్డర్ ఉంటుంది కాబట్టి ఇంటి దగ్గర చేసేవాళ్ళు దాన్ని వాడొచ్చు.

ఒక జాగ్రత్త గట్టిగా చెప్తాను. వెబ్‌క్యామ్ ఆపేయండి. మనకు కావలసింది గొంతు, కర్సర్. ముఖం అక్కర్లేదు. ఫైలు మన కంప్యూటర్‌లోనే సేవ్ అవుతుందా, కంపెనీ సర్వర్‌కి పోతుందా అన్నది వాడే ముందే చూసుకోండి. 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత డేటా చట్టం ప్రకారం పద్దెనిమిదేళ్ళ లోపు వాళ్ళంతా పిల్లలే, వాళ్ళ డేటాకు తల్లిదండ్రుల అనుమతి కావాలి. చట్టం లేకపోయినా, ఒక పిల్ల తడబడుతూ చెప్పిన లెక్క ఊరి వాట్సాప్ గ్రూపుల్లో తిరగకూడదు. అందుకే పేరెంట్స్ మీటింగ్‌లో ఒక రికార్డింగ్, ఆ పిల్ల ఒప్పుకుంటేనే, వేసి చూపించి, ఇవి స్కూలు దాటి బయటికి పోవని చెప్తాను. ఏడాది చివర అన్నీ తీసేస్తాం.

నేను సొంతంగా రికార్డు చేసేవి మిరపకోతల రోజుల్లో. జనవరి నుంచి మార్చి దాకా అమ్మానాన్నలతో కోతలకు పోయే పిల్లలు మాకుంటారు. వాళ్ళకోసం ఆ వారం పాఠం చిన్న ముక్కలుగా చేసి పంపుతాను. ఇది కొత్త ఆలోచనేం కాదు. 2007లో అమెరికాలోని కొలరాడోలో, వుడ్‌ల్యాండ్ పార్క్ హైస్కూల్లో జొనాథన్ బెర్గ్‌మన్, ఆరన్ సామ్స్ అనే ఇద్దరు కెమిస్ట్రీ టీచర్లు పాఠాలు రికార్డు చేయడం మొదలుపెట్టింది కూడా క్లాసు తప్పిపోతున్న పిల్లల కోసమే. తర్వాత దానికి ఫ్లిప్డ్ క్లాస్‌రూమ్ అని పేరొచ్చింది. ముక్కలు ఆరు నిమిషాలు దాటనివ్వను. ఎడెక్స్ అనే వెబ్‌సైట్‌లోని ఆన్‌లైన్ కోర్సుల్లో దాదాపు 69 లక్షల వీడియో సెషన్లను పరిశీలించి 2014లో ఫిలిప్ గువో, మరో ఇద్దరు రాసిన పరిశోధనలో, వీడియో ఎంత పొడవున్నా సగటు విద్యార్థి ఆరు నిమిషాలకు మించి చూడటం లేదని తేలింది. స్లైడ్లు చదివి వినిపించే వీడియోల కన్నా, చేత్తో గీస్తూ చెప్పేవాటినే ఎక్కువసేపు చూశారట. మా పిల్లలూ అంతే. అచ్చు అక్షరాలు కదలకుండా ఉంటే వీడియో కట్టేస్తారు.

రికార్డింగ్‌తో ఎలా నేర్చుకోవాలో నాకు నేర్పింది మాత్రం ఐఐటీ బాంబే వాళ్ళ స్పోకెన్ ట్యుటోరియల్స్ అనే, సాఫ్ట్‌వేర్ నేర్పే వీడియోలు. ఒక్కోటీ సుమారు పది నిమిషాలు. స్క్రీన్ మీద సాఫ్ట్‌వేర్ ఇంగ్లీషులోనే ఉంటుంది, గొంతు తెలుగులో వినిపిస్తుంది. వీడియోని స్క్రీన్‌లో ఒక పక్క చిన్నగా పెట్టుకుని, రెండో పక్క మనం అదే పని చేస్తూ పోవాలి. చూసి ఊరుకోవడం కుదరదు. ఈ పద్ధతిని మిరపకోతల పాఠాల్లో యథాతథంగా వాడుతున్నాను. రెండు నిమిషాలకోసారి "ఇక్కడ ఆపి, నోట్‌బుక్‌లో గీసి, తర్వాత ప్లే చెయ్యి" అంటాను.

ఒక్కటే ఇంకా తెగని సమస్య. ల్యాబ్‌లో పదిమంది ఒకేసారి మాట్లాడితే ఒకరి రికార్డింగ్‌లో ఇంకొకరి గొంతు పడుతోంది. ఇయర్‌ఫోన్ మైకుని నోటి దగ్గర పట్టుకోమంటే కొంత నయం. మెల్లగా మాట్లాడే పిల్లలవి మాత్రం పక్కవాళ్ళ గోలలో కలిసిపోతున్నాయి. అసలు నేను వినాలనుకున్నది వాళ్ళనే. ప్రస్తుతానికి వాళ్ళను మధ్యాహ్న భోజనం తర్వాత విడిగా ఇద్దరేసి పిలుస్తున్నాను. మీ బడుల్లో ఇలా చేయిస్తున్న టీచర్లుంటే, తక్కువ ఖర్చులో పనికొచ్చే మైకు ఏదైనా వాడి చూసుంటే చెప్పండి. వర్గ సమీకరణాల పాఠం మొదలయ్యేలోపు నాలుగైదు కొనాలని ఉంది.