లారీలు దిగిన కోనలోకి కాలినడకన

మా ఆవిడ మేనమామగారిది బద్వేలు. 1970లలో ఆయన కడప జిల్లా లంకమల అడవిలో కూపు లారీ నడిపారు; కూపు అంటే చెట్లు కొట్టడానికి కేటాయించిన అడవి ముక్క. పండగకో పెళ్ళికో కలిసినప్పుడల్లా ఆయన మాటలు తిరిగి తిరిగి ఒక కోన దగ్గరికే వచ్చేవి. కనుమ మీద నుంచి ఆ కోనలోకి దిగే మట్టిదారికి పదకొండు మలుపులు ఉండేవనీ, ఖాళీ బండిని దింపడం ఒక ఎత్తయితే కట్టెలు నింపుకొని రాత్రిపూట అదే దారిన ఎక్కించడం మరొక ఎత్తనీ, మలుపు మలుపుకూ డ్రైవర్లు ఒక పేరు పెట్టుకున్నారనీ ఆయన వేళ్ళు మడుస్తూ చెప్పేవారు. పేర్లు మాత్రం ఏడో ఎనిమిదో వచ్చేసరికి ఆగిపోయేవి. రోడ్లు భవనాల శాఖలో ముప్ఫై ఏళ్ళకు పైగా పనిచేసి దిగిపోయినవాణ్ణి కాబట్టి, నాకు కథ కంటే ఆ లెక్క మీదే ధ్యాస పోయేది. సర్వే లేకుండా, ఒక కంట్రాక్టరు కూలీలను పెట్టి తవ్వించిన దారి పదకొండు మలుపుల్లోనే అంత లోతుకు దిగిందంటే దాని వాలు ఎంత ఉండి ఉంటుంది, వాననీళ్ళను ఎటు మళ్ళించి ఉంటారు, నలభై ఏళ్ళుగా బండి తిరగని ఆ దారిలో ఇప్పుడు ఏం మిగిలి ఉంటుంది అన్నవి నా ప్రశ్నలు. మామకు డెబ్బై ఎనిమిదేళ్ళు నిండాయి. ఇంకా ఆలస్యం చేస్తే చూపించేవాళ్ళు ఉండరని నిరుడు మాఘమాసంలో బయలుదేరాం.

ఇలాంటి దారుల్లోకి ఊరికే వెళ్ళడానికి వీల్లేదు. ఆ కొండలు 1988లో ప్రకటించిన శ్రీ లంకమల్లేశ్వర అభయారణ్యంలో భాగం; దాని విస్తీర్ణం 464 చదరపు కిలోమీటర్లు. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం, 27వ సెక్షన్ ప్రకారం, అభయారణ్యం గుండా పోయే ప్రజా రహదారి మీద ఎవరైనా ప్రయాణించవచ్చు గానీ, ఆ రహదారి దిగి పక్కకు అడుగు వేయాలంటే అనుమతి కాగితం చేతిలో ఉండాలి. కూపు దారి ఏ కాలంలోనూ రహదారి కాదు. నేను అర్జీ పెట్టుకున్న కార్యాలయంలో ఆ కాగితం ఒక బల్ల మీద నుంచి మరో బల్ల మీదికి చేరడానికి ఏడు వారాలు పట్టింది. నడుమ ఒకసారి అది కనబడకుండా పోతే మళ్ళీ మొదటి నుంచి రాసిచ్చాను. నేనూ సర్కారు బల్ల వెనక కూర్చున్నవాణ్ణే కనుక కోపం తెచ్చుకునే హక్కు నాకు పెద్దగా లేదు.

చివరికి వచ్చిన అనుమతిలో కొన్ని షరతులు ఉన్నాయి. బండి గేటు దగ్గరే ఆపాలి, వాచర్లు వెంట ఉండాలి, చీకటి పడకముందే బయటికి రావాలి, కోన పేరు గానీ దారి ఆనవాళ్ళు గానీ ఎక్కడా రాయకూడదు. ఈ చివరి షరతు నాకు అన్నిటికంటే సబబుగా తోచింది. తూర్పు కనుమల దక్షిణపు కొసన, ముఖ్యంగా కడప, చిత్తూరు, నెల్లూరు కొండల్లో మాత్రమే సహజంగా పెరిగే ఎర్రచందనం ఆ వాలుల నిండా ఉంది. అంతర్జాతీయ వ్యాపారాన్ని అదుపు చేసే సైటిస్ ఒప్పందం రెండో అనుబంధంలో 1995లోనే చేర్చిన చెట్టు అది. కూపులు ఆగిపోయిన తర్వాత కూడా ఈ దారులు తెరిచి ఉన్నంత కాలం ఆ దుంగలకు బయటికి పోయే తోవ దొరికింది. దారిని తవ్వి మూయడం వెనక ఉన్న కారణం అదే. అందువల్ల ఏ గేటో, ఏ కోనో నేను చెప్పను. చదివేవాళ్ళు ఏమీ అనుకోకూడదు.

కడప నుంచి సిద్ధవటం పాతిక కిలోమీటర్ల లోపే. దారిలో కనుమలోపల్లె అనే ఊరు వస్తుంది. ఆ పేరు చూసినప్పుడల్లా మన సీమవాళ్ళు కొండల విషయంలో ఎంత జాగ్రత్తగా మాటలు వాడారో అనిపిస్తుంది. నది కొండను కోసుకొని పోయిన చోటును గండి అన్నారు; నంది కొండల్లో పుట్టిన పెన్న ఎర్రమలను చీల్చిన చోట వెలసిన కోట అందుకే గండికోట అయింది. మనిషి, పశువు, బండి కొండను దాటే సందును కనుమ అన్నారు. కొండల మధ్యకు చొచ్చుకుపోయి నీడా నీళ్ళూ ఉన్న లోతును కోన అన్నారు. మా దారి కనుమ ఎక్కి కోన దిగుతుంది. పెన్న వంతెన దాటేసరికి ఎండ ఇంకా చిక్కబడలేదు, ఇసుకలో నీళ్ళు రెండు పాయలుగా మాత్రమే మెరుస్తున్నాయి. సిద్ధవటంలో ఇడ్లీలు తిని, మధ్యాహ్నానికి నాలుగు పొట్లాలు కట్టించుకొని, గేటు చేరేసరికి ఏడున్నర దాటింది.

గేటు అంటే ఒక ఇనప గొట్టం. అసలు అడ్డు దాని వెనక ఉంది. దారికి అడ్డంగా ఆరడుగుల లోతున, ఎనిమిది అడుగుల వెడల్పున తవ్విన కందకం, దాని పొడవు రెండు వైపులా బండల దాకా పోయింది. బేస్ క్యాంపు నుంచి ఇద్దరు వాచర్లు వచ్చారు, ఒకరు యాభై దాటిన మనిషి, మరొకరు కుర్రవాడు. కందకం దాటగానే పది అడుగుల మేర దారి మీది మన్నును మెత్తగా చేసి, రొట్టతో ఊడ్చి సాపు చేసి ఉంచారు. వంగి చూస్తే దాని మీద ఒక కుందేలు దాటిన గుర్తులు, నెమలి మూడు వేళ్ళ గుర్తులు ముగ్గు వేసినట్టు స్పష్టంగా కనిపించాయి.

"రాత్రి ఎవురు దాటినా పొద్దన్నే మన్ను చెప్తాది సార్," అన్నాడు పెద్ద వాచరు. "కలివికోడి కోసం వచ్చిన సార్లు కూడా ఇట్టనే మన్ను పరిచేటోళ్ళు."

ఆ మాటకు నేను కాస్త ఆగిపోయాను. కలివికోడి అనే అరుదైన పిట్టను 1848లో జెర్డాన్ అనే ఆంగ్ల వైద్యుడు శాస్త్రలోకానికి పరిచయం చేశాడు. 1900 తర్వాత అది ఎవరి కంటా పడకపోవడంతో అంతరించిందనే అనుకున్నారు. 1986 జనవరిలో ఈ లంకమల అంచుల్లోనే మళ్ళీ దొరికింది. అభయారణ్యం ప్రకటించింది ప్రధానంగా దాని కోసమే. రాత్రిళ్ళు మాత్రమే తిరిగే ఆ పిట్ట అడుగులను పట్టుకోవడానికి పరిశోధకులు పొదల మధ్య మెత్తటి మన్ను పట్టీలు పరిచేవారని నేను చదివాను. అదే ఉపాయం ఇప్పుడు దొంగల కోసం పనిచేస్తోంది.

కందకం నుంచి కనుమ దాకా దారి బాగానే ఉంది. దానికి కారణం కూడా పెద్ద వాచరే చెప్పాడు. వేసవి మంటలు పాకకుండా ఏటా ఈ నెలల్లో గడ్డి కోసి చదును చేసే ఫైర్‌లైన్లలో ఈ ముక్క ఒకటట. అందుకే దీని మీద కంప మొలవలేదు. రెండు పక్కలా బిళ్ళు, చిరుమాను, వాటి నడుమ ఎర్రచందనం. దూరం నుంచి అది మామూలు చెట్టే. దగ్గరికి పోతే బెరడు మొసలి వీపులా గళ్ళుగళ్ళుగా పగిలి ఉంటుంది. ఇరవై ఏళ్ళ కిందట నరికిన ఒక మొదలు దారి పక్కనే ఉంది. వానలకూ ఎండలకూ పైభాగం బూడిదరంగుకు తిరిగినా, కుర్రవాడు కత్తిమొనతో చిన్న పెచ్చు లేపితే లోపల కుంకుమ కలిపినట్టు ఎర్రగా ఉంది. మామ ఆ పెచ్చును వాసన చూసి, "దీనికి వాసన ఉండదు అల్లుడూ, అందుకే మాకు దీని విలువ తెలీలేదు," అన్నారు. ఆ రోజుల్లో ఆయన మోసినవన్నీ వంటచెరకూ బొగ్గులే.

కనుమ మీదికి చేరడానికి మామ నడకకు రెండు గంటలు పట్టింది. అక్కడి నుంచి కోన మొత్తం ఒకేసారి కనబడుతుంది. ఎదుట నిట్టనిలువు బండగోడలు, అడుగున పచ్చటి చార, ఆ చారకు దిగే వాలులో అక్కడక్కడా గీత గీసినట్టు దారి ఆనవాలు. వాలు కొలిచే చేతి పరికరం ఆబ్నీ లెవెల్ బయటికి తీసి మొదటి వంద మీటర్లు చూశాను. కొండ ప్రాంతాల్లో 20కి 1 (ఇరవై మీటర్ల దూరానికి ఒక మీటరు ఎత్తు) కంటే ఎక్కువ వాలు పెట్టకూడదని మేం పాటించిన లెక్క; ఇక్కడ 12కి 1 వచ్చింది. హెయిర్‌పిన్ మలుపుకు లోపలి అంచు వ్యాసార్థం కనీసం 14 మీటర్లు ఉండాలని ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ చెబుతుంది; మొదటి మలుపుకు టేపు పట్టి చూస్తే ఎనిమిది కూడా లేదు.

"ఒక్క తిప్పులో ఎవుడు తిరిగినాడు?" అని మామ నవ్వారు. "ముందుకు పోయి, ఎనక్కొచ్చి, మళ్ళా ముందుకు. బెంజి లారీ అంటే పవర్ స్టీరింగు అనుకుంటివా?" టాటావాళ్ళు మెర్సిడెస్ బెంజ్‌తో కలిసి చేసిన లారీలను, ఆ పొత్తు ముగిసిన చాలా ఏళ్ళ దాకా, మా వైపు బెంజి లారీలనే పిలిచేవారు.

రెండో మలుపు బయటి అంచున ఒక చిన్న రాళ్ళ కుప్ప ఉంది. కొండ మీద రాళ్ళ కుప్ప వింత కాదు గానీ, ఇవన్నీ ఒకే పరిమాణం, కొబ్బరికాయ కంటే కాస్త పెద్దవి, ఒక వైపు పలకగా, ఒక వైపు ఏటవాలుగా ఉన్నవి ఏరి పెట్టినట్టు ఉన్నాయి. చుట్టుపక్కల రాళ్ళకు పదును పోలేదు. వీటి అంచులు మాత్రం అరిగి నున్నబడ్డాయి. నేను దేవుడి గుర్తేమో అనుకున్నాను. మామ ఒక రాయి చేతిలోకి తీసుకుని కాసేపు అటూ ఇటూ తిప్పారు.

"క్లీనర్ అనేవోడు బండిలో కూర్చోడు నాయనా, సరుకుబండి ఎక్కేటప్పుడు ఎనకాల పరిగెత్తాల. చేతిలో ఈ రాయి. గేరు మార్చేటప్పుడు బండి జానెడు ఎనక్కి జారిందంటే టైరు కింద ఏసేయాల. ఏయకుంటే బండీ సరుకూ మేమూ అందురం ఆ కిందుంటాము. మలుపు తిరిగినాక రాయి ఈడ్నే పెట్టి పోవాల, ఎనకొచ్చే బండికి అక్కరకొస్తాది."

మూడో మలుపు దగ్గర ఆయన మోకాళ్ళు ఇంక వద్దన్నాయి. కుర్రవాణ్ణి ఆయనకు తోడుంచి, పెద్ద వాచరూ నేనూ కిందికి దిగాం. ఆ తర్వాత ప్రతి మలుపులోనూ నేను మొదట వెతికింది రాళ్ళ కుప్పనే. నాలుగు, అయిదు, ఆరు మలుపుల్లో దొరికింది. దారి అంచు గోడ కూడా చాలా చోట్ల చెక్కుచెదరలేదు. సున్నం గానీ సిమెంటు గానీ లేకుండా, రాయి మీద రాయి పేర్చి, కొండ వైపు కాస్త వాల్చి కట్టిన గోడ అది. కడప బండ అంటే అందరికీ తెలిసిన నల్లటి నాపరాయి సున్నపురాతి జాతిది. ఈ కొండలది క్వార్ట్జైట్, పలకలు పలకలుగా, పదునైన అంచులతో పగిలే గట్టి రాయి. పేర్పుడు గోడకు ఇంతకంటే మంచి రాయి దొరకదు. పేరు తెలియని ఆ మేస్త్రీకి నేను మనసులోనే పూర్తి బిల్లు పాస్ చేశాను.

ఆరో మలుపు తర్వాత నేను తప్పు చేశాను. కంప అడ్డం లేకుండా, రాళ్ళు తేలి, విశాలంగా కిందికి పోతున్న దారి కనిపిస్తే అదే దారి అనుకొని ముందు నడిచాను. వాచరు ఏదో అనబోయి, ఇంజనీరు సారుకు తెలియదా అని ఊరుకున్నాడట. ముప్పావుగంట దిగాక ఎనిమిది అడుగుల బండ మెట్టు వచ్చింది. దాని మీద నుంచి ఏ లారీ దూకదు. అప్పుడు లెవెల్ పట్టి చూస్తే వాలు 5కి 1. కాళ్ళ కింద రాళ్ళన్నీ గుండ్రంగా అరిగి ఉన్నాయి. మేం నడిచింది దారిలో కాదు, వాగులో. వెనక్కి ఎక్కి చూస్తే సంగతి తెలిసింది. ఆరో మలుపు ఎగువన కొండవైపు కాలువ ఒకచోట మట్టిపెళ్ళ విరిగి పూడింది. కాలువలో పోవాల్సిన నీళ్ళు దారి మీదికి ఎక్కాయి, చక్రాల గాడులు వాటికి తయారుగా ఉన్న పిల్లకాలువలు అయ్యాయి, మలుపులో తిరగలేక అంచు గోడను పడగొట్టి నేరుగా దిగిపోయాయి. ఏటా ఒక మనిషి పారతో అరగంట పనిచేస్తే ఆ దారి నిలిచేది. అసలు దారి ఎడమ పక్కన, నిలువెత్తు బోద గడ్డి కింద, ఎండిన ముళ్ళ తీగల చాటున ఉంది. ఆ తప్పు వల్ల నాకు మోచేతి మీద ఒక గీత పడింది, గంటన్నర కాలం పోయింది.

ఏడో మలుపు కింద ఒక కల్వర్టు దొరికింది. రెండు గోడల మీద మూడు పలకలు పరిచిన చిన్న తూము అది, లోపల ఒక మనిషి ముడుచుకొని కూర్చోగలిగినంత. నడుమ పలక మీద అలలు గట్టుకట్టి ఉన్నాయి. ఒడ్డున తడి ఇసుక మీద అల వెనక్కి పోయాక మిగిలే ముడతలు ఎలా ఉంటాయో అలాగే, వేలెడు దూరానికి ఒకటి చొప్పున, రాయిగా మారి. కడప కొండల రాయి వంద కోట్ల ఏళ్ళకు పైబడినది. అప్పటి ఏదో లోతులేని సముద్రపు అంచు అది. దాని మీదుగా రెండు దశాబ్దాల పాటు కట్టెల లారీలు పోయాయి. పలక నడుమ, సరిగ్గా ఆ ముడతల మీద, ఎలుగుబంటి పెంట ఉంది, ఎండి నల్లబడి, నిండా రేగు గింజలతో. వాచరు కట్టెపుల్లతో కదిపి చూసి, "నిన్నటిది కాదు లే సార్," అన్నాడు గానీ, అక్కడి నుంచి గొంతు పెంచి మాట్లాడుతూ, కర్రతో బండలను తడుతూ నడిచాడు. ఎనిమిదీ తొమ్మిదీ మలుపులు ఎలుగులూ దుప్పులూ నడిచిన సన్నటి బాట వల్లనే దొరికాయి. వాలు తక్కువ తోవ ఏదో వాటికి తెలుసు.

తొమ్మిది తర్వాత ఒక చదును, దాని మీద గుండ్రంగా నల్లటి మన్ను. చుట్టూ గడ్డి పసుపుపచ్చగా ఎండితే ఆ వలయంలో మాత్రం వేరే రకం, పొట్టిది. బూటుమొనతో గీకితే బొగ్గు ముక్కలు బయటపడ్డాయి, నొక్కితే ఇంకా చేతికి అంటుకునేవి. ఇలాంటి వలయాలు ఆరు లెక్కపెట్టాను. బొగ్గుబట్టీల చోటు. దాని అవతల కొండచరియ ఒకటి పైనుంచి కింద దాకా జారి, గది అంతటి బండలతో దారిని పూర్తిగా మింగేసింది. అప్పటికి ఒంటిగంట దాటింది. దాని మీదుగా ఎక్కి పోవచ్చునేమో గానీ, కాగితంలో రాసిన సమయం గుర్తుంది. అక్కడే కూర్చొని పొట్లాలు విప్పి తిని వెనక్కి తిరిగాం.

మామ మూడో మలుపులో తువ్వాలు తలకు చుట్టుకొని, రాళ్ళ కుప్పకు వీపు ఆనించి కూర్చుని ఉన్నారు. తొమ్మిదే ఉన్నాయని చెప్పాను. ఆయన ఒప్పుకోలేదు. "బట్టీలు దాటినాక నీళ్ళ మలుపు, దాని కింద మామిడిమాను మలుపు. పదకొండే." ఇన్నేళ్ళుగా నోటికి రాని ఆ రెండు పేర్లూ ఎలా వచ్చాయో నేను అడగలేదు. జేబు పుస్తకంలో తొమ్మిది పక్కన రెండు చేర్చి, చుట్టూ బ్రాకెట్టు పెట్టాను. కళ్ళారా చూడని కొలతను మేం అలాగే రాస్తాం.

కందకం దగ్గరికి వచ్చేసరికి అయిదుంపావు అయింది. మేం ముగ్గురం సాపు మన్ను మీదుగా దాటి, దిగి, ఎక్కి గేటు వైపుకు వచ్చాక, కుర్రవాడు రిజిస్టరులో మా పేర్ల ఎదుట టైము వేశాడు. పెద్ద వాచరు అవతలే ఉండి, ఒక బిళ్ళు కొమ్మ విరిచి, ఉదయం నుంచి పడిన మా అడుగులన్నీ చెరపడం మొదలుపెట్టాడు. చివరికి తన అడుగులు కూడా మిగలకుండా వెనక్కి నడుస్తూ, కొమ్మ ఆడిస్తూ కందకం అంచు దాకా వచ్చి, కొమ్మను ఇవతలికి విసిరేసి దిగాడు.