చింతగింజలు పోయి సోడా మూతలు వచ్చిన ఏడాది

మన బడి పాత విద్యార్థుల కలయిక సంచికకు కమిటీ వాళ్లు రెండు పేజీలు రాయమన్నారు. ఒకటి నుంచి నాలుగో తరగతి దాకా రాయడానికి నా దగ్గర వేపచెట్టు, తడి పలక వాసన తప్ప ఏమీ లేవు. ఉన్నదంతా 2003-04, ఐదో తరగతి. అందులోనూ టీచరమ్మ, ఆమె సొరుగులోని గుడ్డసంచి. గంటోడి కథ, అలిపిరి మెట్ల కథ ఎవరో ఒకరు రాస్తారని నా ధీమా.

తిరుపతిలో కొర్లగుంట, జీవకోన, బైరాగిపట్టెడ పిలకాయలం. రైల్వే వాళ్ల పిల్లలు, కొండ కింద బొమ్మలమ్మే వాళ్ల పిల్లలు, ఇంట్లో అరవం మాట్లాడేవాళ్లు, ఉర్దూ మాట్లాడేవాళ్లు, యానాదుల ఇళ్ల నుంచి వచ్చిన ముగ్గురు, ఎముకల వైద్యం చేసే బర్డ్ ఆసుపత్రిలో కాలికి ఆసరాగా కాలిపర్ వేయించుకుని వచ్చిన మన ఎంపైరు. ‘అందరూ సమానమే’ అని వరండా గోడ మీద నీలం రంగుతో రాసి ఉండేది. టీచరమ్మ ఒక్కరోజు కూడా దాన్ని మన చేత చదివించలేదు. ‘వంతులు పెట్టండి’ అంది. చోటు, ఆట, వంతు గొడవలు తేల్చడానికి ఐదుగురిని చీటీలు వేసి తీసింది, నెల తిరగ్గానే ఇంకో ఐదుగురు. బాగా చదివేవాళ్లను ఏరి ఈ పని అప్పగిస్తే వాళ్లు ఇంకో లీడర్ల గుంపు అవుతారు, వెనక బెంచీ మళ్లీ వెనకే ఉంటుంది. ఆ మాట ఆమె చెప్పలేదు. చీటీల్లో వెనక బెంచీ వాళ్లవే మూడు పేర్లు వచ్చినప్పుడు మనకే తెలిసింది.

బెంచీల సంగతి కొంచెం వివరంగా రాస్తాను. కిటికీ వైపు వరుసలో 9, గోడ వైపు వరుసలో 8, బెంచీకి ఇద్దరు. మొదట సోమవారం సోమవారం బెంచీలో ఉన్న ఇద్దరూ కలిసి ఒక బెంచీ వెనక్కి జరిగేవాళ్లు, చివరివాళ్లు ముందుకు వచ్చేవాళ్లు. ముందు బెంచీ అందరికీ దక్కింది గానీ జంటలు జంటలుగానే ఉండిపోయాయి. పక్కన ఎవరు కూర్చోవాలన్నదే కదా అసలు గొడవ! అందుకని ఎడమచేతి వైపు కూర్చున్నవాళ్లు ఒక బెంచీ ముందుకు, కుడివైపు వాళ్లు ఒక బెంచీ వెనక్కి జరగాలని మార్చారు. కిటికీ వరుసలో అది చక్కగా నడిచింది, 9 వారాల్లో ఎడమవాళ్లందరూ కుడివాళ్లందరి పక్కనా కూర్చున్నారు. గోడ వరుసలో మాత్రం ఐదో వారానికే మొదటి జంటలు తిరిగి వచ్చేశాయి. ఎవరో మోసం చేశారని రెండు రోజులు కొట్లాట. మోసమేమీ లేదు. ఇద్దరూ ఎదురెదురు దిక్కుల్లో జరిగితే మధ్య దూరం వారానికి 2 బెంచీల చొప్పున మారుతుంది. 8 సరిసంఖ్య కాబట్టి నాలుగు వారాలకే చుట్టు పూర్తవుతుంది, మిగతా నలుగురు ఎప్పటికీ ఎదురుపడరు. 9 బేసి కాబట్టి ఎవరూ మిగలరు. టీచరమ్మ ఆ వారం లెక్కల పాఠం ఆపేసి నేల మీద గులకరాళ్లు పెట్టి జరిపించింది. నాకు తెలిసి మన బడిలో జరిగిన గొప్ప లెక్కల పాఠం అదే.

తర్వాత ఖాయమైన పద్ధతి ఇది: కుడివాళ్లు కదలరు, ఎడమవాళ్లు వారానికి ఒక బెంచీ జరుగుతారు. ఎన్ని బెంచీలున్నా వరుసలో ఎడమవాళ్లందరూ కుడివాళ్లందర్నీ కలుస్తారు. చుట్టు పూర్తయ్యాక ఎవరు కుడి, ఎవరు ఎడమ, ఏ బెంచీ అనేది మళ్లీ చీటీలతో. బోర్డు కనపడని మన కిటికీ పాపకు కుడివైపు మొదటి చోటు ఖాయం, ఆమె పేరు చీటీల్లో వేయరు. ఆమె కదలకుండానే పక్కవాళ్లు మారుతుంటారు. ఎడమచేత్తో రాసేవాళ్లు ఎడమ అంచునే కూర్చోవాలి, లేకపోతే మోచేతులు తగిలి ఆ జంట వారమంతా పోట్లాడుతుంది.

ఇక ఆటలు. ఇద్దరు కెప్టెన్లు ఒక్కొక్కరినే పిలుచుకుంటే చివర మిగిలేవాళ్లు రోజూ వాళ్లే. వరుసలో నిలబెట్టి ఒకటి, రెండు అని లెక్కపెట్టి చూశారు. స్నేహితులు ఒకరిని వదిలి ఒకరు నిలబడటం రెండో రోజుకే నేర్చేసుకున్నారు. అప్పుడు వచ్చింది గుడ్డసంచి. అందులో 22 చింతగింజలు, 11 గింజలకు ఒక పక్క తెల్లగా అరగదీశారు. తెల్లగింజ వస్తే ఒక జట్టు, నల్లగింజ వస్తే ఇంకో జట్టు. ఆ శనివారం ఏమైందో మీకు చెప్పక్కర్లేదు. అరగదీసిన పక్క వేలికి గరుకుగా తగులుతుంది, చెయ్యి పెట్టి తడిమితే చాలు. అందుకే సోడా మూతలు. లోపల ఇంకు చుక్క పెట్టినవి సగం, పెట్టనివి సగం, ఇంకు వేలికి తెలియదు. ఓపెనరు పడి వంగిన మూతను మాత్రం వేలు కనిపెట్టేస్తుంది, వాటిని ముందే ఏరి పారేయాలి. సంచిని కంటి ఎత్తుకు పైన పట్టుకోవాలి.

మన ఎంపైరు విషయంలో చాలాకాలం తప్పే చేశాం. కాలిపర్ ఉందని స్కోరు పుస్తకం చేతికిచ్చి, గొప్ప మర్యాద చేశామనుకున్నాం. రోజూ ఎంపైరు అంటే రోజూ ఆట బయట అని అర్థం. అతనే ఒక శుక్రవారం ఫిర్యాదుల డబ్బాలో చీటీ వేస్తే గానీ మనకు తట్టలేదు. ఎంపైరు పనికీ వంతు వచ్చింది. క్రికెట్టులో అతను కొడతాడు, అవతలి జట్టు నుంచి ఒకరు పరుగెత్తుతారు. సొంత జట్టువాడైతే ‘నువ్వు మెల్లగా కొట్టు, నేను చూసుకుంటా’ అంటూ పెత్తనం చేస్తాడు. ఖోఖోలో వీపు తట్టి ‘ఖో’ అంటాం కదా. చెవులు వినపడని బాబుకు ఆ తట్టు చాలు, మార్చాల్సింది ఈల ఒక్కటే. ఈలతో పాటు ఎర్ర గుడ్డ ఊపితే సరి.

ఆ డబ్బా బిస్కెట్ల రేకు డబ్బా. మొదట తలుపు పక్కన పెడితే ఎవరూ వేయలేదు, వేయడానికి లేచినవాళ్లను అందరూ చూస్తారు కాబట్టి. అందుకని శుక్రవారం చివరి పీరియడులో అందరూ తలా ఒక చీటీ వేయాలి. చెప్పడానికేమీ లేకపోతే సున్నా చుట్టాలి. నోటుబుక్కు కాగితం ఎనిమిది ముక్కలు, అన్నీ ఒకే కొలత, అన్నీ పెన్సిలుతోనే. రాయలేనివాళ్లు బొమ్మ వేయొచ్చు. తెరిచేది టీచరమ్మ ఒక్కతే. చోటు, ఆట, వంతు గొడవలు మన ఐదుగురికి ఇచ్చేది. కొట్టడం, ఒంటి మీద చెయ్యి వేయడం, ఇంటి సంగతులు పిల్లల చేతికి ఇవ్వకుండా ఆ రోజే పెద్దవాళ్ల దగ్గరికి తీసుకెళ్లేది. ఇప్పటి డబ్బాల మీద నేను పిల్లల సహాయ ఫోను నంబరు 1098 కూడా రాయిస్తాను.

వెక్కిరింపు పేర్లను నిషేధిస్తూ బోర్డు మీద జాబితా రాయడం ఒక పెద్ద పొరపాటు. తెలియనివాళ్లు కూడా ఆ రోజు నేర్చుకున్నారు. తుడిచేసి, ‘నన్ను ఇలా పిలవండి’ అని ఎవరి పేరు వాళ్లే రాసుకున్నాం.

2003 జనవరిలో మన రాష్ట్రం బడుల్లో మధ్యాహ్న భోజనం మొదలైంది. మొదట్లో ఏ వీధివాళ్లు ఆ వీధివాళ్లతోనే కూర్చునేవాళ్లు. హాజరు నెంబరు వరసన కూర్చోబెడితే పట్టీలో ముందు మగపిల్లలు, తర్వాత ఆడపిల్లలు, వాళ్ల దాకా వచ్చేసరికి అన్నం అడుగంటేది. చివరికి ఆ వారం బెంచీ జంటే పంక్తిలో జంట, వరస రోజుకొక చివర నుంచి మొదలు. నీళ్లు పోసేది ఇద్దరు, అదీ వంతే. గుడ్డు తినకపోవడం వాళ్ల ఇంటి అలవాటు, పక్కన కూర్చోకపోవడం అంటరానితనం. ఆ రెంటినీ కలిపి మాట్లాడితే టీచరమ్మ ఊరుకునేది కాదు. రాజ్యాంగంలో అంటరానితనాన్ని రద్దు చేసిన 17వ అధికరణాన్ని మన చేత అప్పగించుకున్నది అక్కడే, పంక్తి ముందు. అరవం పాప ‘పోదుం’ అంటే చాలు అని అర్థమనీ, పోదాం అని కాదనీ మనం నేర్చుకున్నదీ ఆ పంక్తిలోనే. పాపం, ఎన్నిసార్లు ఆమెను అన్నం ముందు నుంచి లేపామో!

నేను ఇప్పుడు ప్రత్యేక అవసరాలున్న పిల్లల కోసం నడిచే భవిత కేంద్రంలో టీచరుగా ఉన్నాను. మా మండలంలో పదకొండు బడుల్లో బెంచీలు ఇలాగే తిరుగుతున్నాయి. సంచి మాత్రం టీచరమ్మదే, అడిగితే ఇచ్చింది.

కమిటీకి ఒక మనవి. భోజనాల దగ్గర ఎవరి పక్కన ఎవరో తేల్చడానికి మూతలు నేను తెస్తాను, వంగినవి ఏరేశాను. వేదిక సంగతి మీరు చూడండి. ఒక అడుగు ఎత్తుకు 12 అడుగుల పొడవు వాలు ఉండాలి. మీరు చెప్పిన వేదిక రెండున్నర అడుగులు, అంటే 30 అడుగుల చెక్కవాలు కావాలి, ఆ హాల్లో అంత చోటు లేదు. మన ఎంపైరును నలుగురు కలిసి కుర్చీతో పైకి ఎత్తుదామని మాత్రం అనుకోవద్దు. మైకు కిందే పెట్టించండి, అందరం నేల మీద నుంచే మాట్లాడదాం.