మామిడితోటలో కెమెరాలు: బ్యాటరీ మీద నడిచే పీఓఈ స్విచ్ కోసం తిప్పలు

ఫిబ్రవరి 16

నూజివీడు దగ్గర మా తోటలో రెండు కెమెరాలు, ఇంటికి సిగ్నల్ అందించే వైర్‌లెస్ బ్రిడ్జి ఒకటి పెట్టాలని పోయిన కాపు నుంచే అనుకుంటున్నాను. వీటిని కలపడానికి నెట్‌వర్క్ స్విచ్ కావాలి, అదీ డేటా పోయే కేబుల్లోనే కరెంటు కూడా పంపే రకం. దాన్నే పీఓఈ అంటారు. మోటారు షెడ్డుకి కరెంటు ఉంది గానీ వ్యవసాయ లైను కాబట్టి వచ్చేది పగలు 9 గంటలే. నాకు కావాల్సింది రాత్రి. ఇంట్లో పక్కన పెట్టిన 150 ఏహెచ్ ట్యూబులర్ బ్యాటరీ, దానికో సోలార్ ప్యానెల్ సిద్ధం చేశాను.

“ఇన్వర్టర్ కూడా అక్కడే పెట్టి, మామూలు స్విచ్ ప్లగ్గులో గుచ్చెయ్యరా” అన్నారు నాన్న. కొలిచి చూశాను. మా పాత ఇన్వర్టర్ ఏ లోడూ లేకుండానే 14 వాట్లు తింటోంది. నేను నడపాల్సిన సామానంతా కలిపితే 20 చిల్లర. పైగా 12 వోల్టులని 230 చేసి, మళ్లీ అడాప్టర్‌తో పీఓఈకి కావాల్సిన 48కి దించడమంటే, ముక్కేదిరా అంటే తల చుట్టూ తిప్పి చూపించినట్టే. బ్యాటరీకి నేరుగా తగిలించే స్విచ్ వెతకాలి.

మార్చి 2

మొదటిది వచ్చింది, 1,100 రూపాయలు. డబ్బా మీద ‘12 వోల్టుల పీఓఈ’ అని ఉంది. తగిలించాను, కెమెరాలు ఉలుకూ పలుకూ లేవు. పోర్టులో మీటర్ పెడితే 12.6. బ్యాటరీలో ఎంతుందో అంతే 4, 5 తీగల్లో ప్లస్, 7, 8లో మైనస్ చేసి తోసేస్తోంది. దీన్ని పాసివ్ అంటారు. తప్పు నాదే, కింద చిన్న అక్షరాలు చదవలేదు.

మా కెమెరాలు 802.3ఏఎఫ్ అనే పీఓఈ ప్రమాణం ప్రకారం నడిచే రకం. అందులో స్విచ్ ముందు 10 వోల్టుల లోపు పంపి తడిమి చూస్తుంది. అవతల 25 కిలో ఓమ్‌ల రెసిస్టెన్స్ కనబడితేనే 48 దాకా ఎక్కిస్తుంది. పొరపాటున లాప్‌టాప్ గుచ్చినా అందుకే ఏమీ కాదు. పాసివ్‌కి ఆ మర్యాదల్లేవు.

కెమెరా ఏదోలా 12తో నడిచినా లాభం లేదనుకోండి. చివరి స్తంభం 70 మీటర్లు. క్యాట్5ఈ (మామూలు నెట్‌వర్క్ కేబుల్) రాగి తీగలో రెండేసి తీగలు కలిపి వాడినా పోనూ రానూ సుమారు 6.5 ఓమ్‌లు. 7 వాట్లు 12 వోల్టుల్లో పంపితే దారిలోనే దాదాపు 4 వోల్టులు పోతాయి. 48లో అయితే ఒక వోల్టు. (అల్యూమినియానికి రాగి పూత పూసిన సీసీఏ కేబుల్ చవగ్గా వస్తుంది. దాని జోలికి పోకండి.)

మార్చి 15

ఈసారి పోర్టులెన్ని, స్పీడెంత అన్నవి తర్వాత చూశాను. ముందు చూసింది ఇన్‌పుట్ వోల్టేజీ. 12 వోల్టుల బ్యాటరీ 12 దగ్గర ఎప్పుడూ నిలబడదు. ఎండలో ఛార్జింగ్ అప్పుడు 14.4, తెల్లవారుజామున 12 కిందికి. 9 నుంచి 36 దాకా తీసుకుని లోపలే 48కి పెంచే బూస్ట్ రకం దొరికింది, 5,800. ఇందులోనూ ఒక మెలిక ఉంది. పోర్టుకి 30 వాట్లు అని పెద్దగా వేశారు. మొత్తం మాత్రం 24 వోల్టులిస్తే 120, 12 ఇస్తే 60 వాట్లే. నాకు 60 చాలు.

ఇనుప బాడీ, ఫ్యాన్ లేదు, వైరు స్క్రూలతో బిగించుకోవచ్చు, 75 డిగ్రీల దాకా తట్టుకుంటుంది. నాలుగు పోర్టులూ 100 ఎంబీపీఎస్. రెండు కెమెరాలకి అంతకన్నా ఎందుకు?

ఏప్రిల్ 6

మూడు వారాలుగా నడుస్తోంది. క్లాంప్ మీటర్లో పగలు 1.4 ఆంపియర్లు, రాత్రి చీకట్లో చూడ్డానికి కెమెరాల ఐఆర్ లైట్లు వెలిగాక 2. రోజుకి సుమారు 520 వాట్ అవర్లు. బ్యాటరీ సగం దాకా వాడుకుంటే 900, అంటే మబ్బు పట్టినా రోజున్నర లాగుతుంది. 11.8 వోల్టుల దగ్గర కట్ అయ్యేలా, ప్యానెల్‌కీ బ్యాటరీకీ మధ్య ఉండే ఛార్జ్ కంట్రోలర్‌లో పెట్టాను.

అసలు టెన్షన్ వేడితోనే. రేకుల కింద పెట్టిన డబ్బాలో మధ్యాహ్నం రెండింటికి 58 డిగ్రీలు! ఉత్తరం గోడకి మార్చాక 49. కేబుల్ రంధ్రాల్లోంచి గండుచీమలు కూడా దూరాయి. ఇప్పుడు కేబుల్ చుట్టూ సందు లేకుండా మూసే గ్లాండ్లు బిగించి, వాన నీరు బయటే కారిపోయేలా కేబుల్‌ని కిందికి వంపు తిప్పాను.

బ్రిడ్జి మాత్రం 24 వోల్టుల పాసివ్ రకం. ఇప్పటికి దానికి విడిగా ఒక చిన్న కన్వర్టర్ నడుస్తోంది. ఏఎఫ్ నుంచి 24కి మార్చే ముక్క ఆర్డర్ పెట్టాను. అది వచ్చేలోగా స్తంభం దగ్గర ఎర్త్ రాడ్డు దింపి, సర్జ్ ప్రొటెక్టర్ బిగించాలి. వేసవి ఉరుములు మొన్నే ఒకసారి వినబడ్డాయి.