ఏడో ప్లాటు

మా బ్యాచ్ సభకు వేసే సంచిక కమిటీ తరఫున వాయల్పాడు (మాలో ఒకరినొకరం ఊరి పేర్లతోనే పిలుచుకుంటాం) మూడుసార్లు ఫోన్ చేసింది. "రెండేళ్ల చదువు, రెండు పేజీలు. ఏడాదికొక పేజీ రాయి మే, చాలు" అంది. ఆ లెక్క నాకు కుదరలేదు. రెండో సంవత్సరం గురించి ఎంత ఆలోచించినా పరీక్ష హాల్లో ఫ్యాన్ చప్పుడు తప్ప ఏమీ గుర్తుకు రావడం లేదు. మొదటి సంవత్సరంలో కూడా మామండూరు అడవి క్యాంపులో గడిపిన మూడు రాత్రులు, నాలుగు పగళ్లే కళ్లకు కట్టినట్టు ఉన్నాయి. అవే రాస్తున్నాను. గోవిందరాజస్వామి గుడి దగ్గర గొడుగు సంగతి పుంగనూరు రాస్తున్నాడట కాబట్టి దాని జోలికి పోను.

1996లో చేరినప్పుడు అడవుల స్పెషల్ తీసుకున్నది పద్నాలుగు మందిమి, అందులో అమ్మాయిలం ముగ్గురం. మాకు పాఠం చెప్పే చేవ సారు (మేం ఆయన్ను అట్లాగే పిలిచేవాళ్లం) మొదటి క్లాసు గదిలో చెప్పలేదు. అందర్నీ డిపార్ట్‌మెంట్ మెట్ల మీద కూర్చోబెట్టి ఎదురుగా ఉన్న కొండను చూడమన్నారు. పది నిమిషాలు ఏమీ మాట్లాడలేదు. తర్వాత "ఏం కనపడింది?" అని అడిగారు. చెట్లు అన్నాం. "ఎన్ని?" అన్నారు. ఆ ప్రశ్నకు జవాబు చెప్పడం నేర్చుకోవడానికే మీరంతా ఇక్కడికొచ్చారని ఆ రోజు ఆయన చెప్పిన మాట నా మొదటి నోట్‌బుక్ మొదటి పేజీలో ఇప్పటికీ ఉంది. ఆ నోట్‌బుక్ నా దగ్గరే ఉంది.

ఎర్రచందనం గురించి చెప్పేటప్పుడు ఆయన గొంతు మారేది. తూర్పు కనుమల దక్షిణ భాగంలో, ముఖ్యంగా మన కడప, చిత్తూరు కొండల్లో తప్ప అది ప్రపంచంలో ఇంకెక్కడా తనంతట తాను పుట్టదు. మనం చేరడానికి ఏడాది ముందు, 1995లోనే, అరుదైన జీవుల, మొక్కల అంతర్జాతీయ వ్యాపారాన్ని అదుపు చేసే సైటిస్ ఒప్పందం రెండో అనుబంధంలో దాని పేరు చేరింది. ఆ కాగితం జిరాక్స్ తెచ్చి అందరికీ పంచారు. "ప్రపంచం ఇప్పుడు లెక్క అడుగుతోంది. మన దగ్గర ఉండాలి కదా!" అన్నారు. మన దేశపు అడవులను రకాలుగా విడదీసిన చాంపియన్, సేథ్ వర్గీకరణలో మన అడవి నంబరును హాస్టల్ మెట్లెక్కుతూ దిగుతూ వల్లె వేసిన రోజులు గుర్తున్నాయా? ఫైవ్ ఏ బై సీ టూ. శ్రీకాళహస్తి దాన్ని సుప్రభాతం రాగంలో పాడేవాడు. ఎర్రచందనం పెరిగే పొడి అడవి. ఇప్పటికీ ఫైళ్లలో ఆ నంబరు రాసేటప్పుడు నాకు ఆ రాగమే వినపడుతుంది.

1997 జనవరిలో మామండూరు క్యాంపు అనగానే మా నాయన బంగారుపాళెం నుంచి బస్సెక్కి వచ్చేశాడు. పంచె మీద తుండు సర్దుకుంటూ సారు గది ముందు నిలబడ్డాడు. "అయ్యా, అడవిలో మూడు రాత్రులంట. ఆడబిడ్డ..." అని ఆగిపోయాడు. సారు లేచి కుర్చీ వేశారు, మంచినీళ్లు ఇచ్చారు. క్యాంపు సంగతి ఎత్తలేదు. "తోట ఉందంట కదా, ఎన్ని చెట్లు?" అని అడిగారు. మూడెకరాల్లో నూట ఇరవై, అన్నీ బెంగుళూరా మామిడే అని చెప్పాడు నాయన. ఈ ఏడు కాపు ఎంత ఉంటుందని అడిగితే, పూత ఎట్లా తిరుగుతుందో చూసి చెప్తామన్నాడు. సారు వదల్లేదు. పూతలో ఏం చూస్తారు? ఏ వైపు కొమ్మలు ముందు చూస్తారు? చెప్పిన దానికీ కోసిన దానికీ తేడా ఎంత వస్తుంది? నాయన అన్నిటికీ జవాబు చెప్పాడు. చివరి దానికి మాత్రం కాసేపు ఆలోచించి "ఒక బండి అటూ ఇటూ అయ్యా" అన్నాడు. గంటసేపు మాట్లాడుకున్నారు. వెళ్లేటప్పుడు నాయన నాతో అన్నది ఒకటే మాట: "పోయిరా. అయ్య మంచోడు."

మర్నాడు క్లాసులో సారు "నిన్న ఒక రైతు నాకు ఓక్యులర్ ఎస్టిమేట్, అంటే కంటి అంచనా, పాఠం చెప్పాడు. అంచనా చెప్పి, అది ఎంత తప్పొచ్చో కూడా చెప్పాడు. మన రిపోర్టుల్లో ఆ రెండో మాట ఉండదు" అన్నారు. నేను తల దించుకుని కూర్చున్నాను. సిగ్గుతో కాదు. కళ్లలో నీళ్లు వచ్చాయి.

కరకంబాడి దాటి కడప రోడ్డు మీద బస్సు దిగి, సామాన్లు మోసుకుంటూ అడవి బంగళాకు నడిచిన నడక మీ అందరికీ తెలుసు. బంగళా తాత చేసిన సంగటి, ఊరిబిండి రుచి కూడా తెలుసు. ఆ రాత్రి కోడూరు టార్చి వేస్తే మద్ది కొమ్మ మీద రెండు కళ్లు ఎర్రగా మెరిసి, దేవాంగపిల్లి అని తాత చెప్పగానే అందరం గొంతు తగ్గించి మాట్లాడుకున్నాం. నేను చెప్పాల్సింది ఆ తర్వాతి రోజు గురించి.

మా జట్టులో నలుగురం. నేను, వాయల్పాడు, పీలేరు, కోడూరు. పది మీటర్లకు పది మీటర్లు తాడు కట్టి, లోపల 30 సెంటీమీటర్లు దాటిన ప్రతి చెట్టు చుట్టుకొలతా ఛాతీ ఎత్తులో, అంటే 1.37 మీటర్ల దగ్గర, తీయాలి. ఆ ఎత్తుకు సరిగ్గా కోసిన కర్ర ఒకటి. నీలం చాక్‌పీసు ఒకటి. బట్ట టేపు ఒకటి. రోజుకు ఏడు ప్లాట్లు. ఆరు పూర్తయ్యేసరికి నీళ్లు అయిపోయాయి. ఆ పలుగురాళ్ల మీద ఎక్కి దిగి మోకాళ్లు పట్టేశాయి, పైగా ఎండ వాలిపోతోంది. ఏడో ప్లాటులో ఏడు చెట్లు కొలిచాం. మిగిలిన నాలుగూ వాలు అవతల, ముళ్లపొదల వెనక ఉన్నాయి. అక్కడి నుంచే చూసి, పీలేరు చెప్తుంటే నేను రాశాను. 40, 45, 60, 50. చెప్పింది వాడే అయినా రాసింది నేను. ఇన్నేళ్లలో ఈ సంగతి బయట చెప్పడం ఇదే మొదటిసారి.

రాత్రి పెట్రోమాక్స్ కింద సారు అన్ని జట్ల పుస్తకాలూ చూశారు. మాది చూసి, పేజీ మీద వేలు పెట్టి కాసేపు అట్లాగే ఉండిపోయారు. ఏమీ అనలేదు. "పొద్దున్నే ఆరుకు మీ నలుగురూ నాతో రండి" అన్నారు, అంతే.

ఆ రాత్రి నేను నిద్రపోలేదు. ఇంటికి పంపించేస్తారనుకున్నాను. నాయనకు ఏం చెప్పాలా అని ఒకటే టెన్షన్.

పొద్దున మంచు తేమ ఇంకా ఉండగానే ఏడో ప్లాటు దగ్గర నిలబడ్డాం. సారు పుస్తకం తెరిచి మొదటి ఏడు అంకెలు పైకి చదివారు. 37, 52, 41, 33, 68, 46, 39. తర్వాత ఆగి మిగిలిన నాలుగూ చదివారు. 40, 45, 60, 50. పుస్తకం మూసి "ఏమ్మా, అన్నీ సున్నా దగ్గరో ఐదు దగ్గరో ఆగాయే? చెట్టుకు ఆ లెక్క ఎవరు చెప్పారు?" అన్నారు. కోపం లేదు ఆ గొంతులో. కోపంగా అడిగి ఉంటే నేను ఇన్నాళ్లు గుర్తు పెట్టుకునేదాన్ని కాదేమో.

ముళ్లు తప్పించుకుంటూ వాలు దిగాం. చెట్టుకు ఎగువ వైపు నిలబడి కర్ర పెట్టాలని, వాలులో కింది వైపు నుంచి కొలిస్తే ఎత్తు తప్పుతుందని అప్పుడే చేసి చూపించారు. 40 అని రాసింది 43. 45 అని రాసింది 38. 60 అని రాసింది 57. 50 అని రాసిన చెట్టు అసలు ఒక చెట్టు కాదు. ఛాతీ ఎత్తుకు కిందనే రెండుగా చీలింది. అట్లా చీలితే రెండు చెట్లుగా రాయాలని క్లాసులో చదివాం, పరీక్షలో కూడా రాశాం. ఒకటి 34, ఇంకోటి 31.

ఒక రాయి మీద కూర్చుని లెక్క చేయించారు. కలప పరిమాణం చుట్టుకొలత వర్గాన్ని బట్టి పోతుంది కాబట్టి 57కు బదులు 60 రాస్తే, అదే పొడవు మానుకు నూటికి దాదాపు 11 వంతుల కలప ఎక్కువ కనపడుతుంది. "ఆ కలప అడవిలో లేదు. నీ పుస్తకంలో ఉంది. రేపు ఎవరో ఆ పుస్తకం నమ్మి, ఇంత ఉంది కదా అని కొట్టడానికి రాస్తారు. కంటి అంచనా తప్పు కాదమ్మా. మీ నాయన చేసేది అదే. అంచనా అయితే అంచనా అని రాయి. కొలిచినట్టు రాయొద్దు."

లేచి వెళ్లబోతుంటే బోద గడ్డిలో కోడూరు కాలికి ఏదో తగిలింది. గడ్డి తప్పిస్తే మొద్దు. గొడ్డలి వేట్లు స్పష్టంగా ఉన్నాయి. అంచున తెల్లటి వలయం, లోపల చేవ ముదురు ఎరుపు. పక్కల నుంచి ఐదు పిలకలు లేచాయి. ముందు రోజు ఆ పక్కకే మేం రాలేదు. సారు వంగి, జేబురుమాలుతో మొద్దు మీద మన్ను తుడిచారు. పెద్దవాళ్ల మొహం తుడిచినట్టు తుడిచారు. "రాయండి" అన్నారు. "చెట్టు లేదు కదా సార్" అన్నాడు పీలేరు. "లేదని రాయడానికే" అన్నారు.

మొద్దు చుట్టుకొలత 81. పిలకలు 5. నా చేత్తో రాశాను.

తర్వాత రెండు రోజులు ఇంకా పద్నాలుగు ప్లాట్లు చేశాం. వాటిలో ఒక్క అంకె కూడా నాకు గుర్తు లేదు.

ఆ తర్వాత చదువు అయిపోవడం, సర్వీస్ కమిషన్ పరీక్ష, రెండోసారికి రావడం, ట్రైనింగ్, పెళ్లి, పిల్లలు, బదిలీలు. వీటిని ఇంకో సంచికకు ఉంచుతాను. 2010లో మన శేషాచలం కొండలను బయోస్ఫియర్ రిజర్వుగా, అంటే అక్కడి జీవజాలాన్ని కాపాడే ప్రాంతంగా, ప్రకటించిన రోజు మాత్రం చెప్పాలి. 4,755 చదరపు కిలోమీటర్లు, మన రాష్ట్రంలో మొదటిది. పేపర్లో చూడగానే సారుకు ఫోన్ చేశాను. ఆయన సంతోషంతో మాట్లాడలేకపోయారు. కాసేపటికి "ఇక పని పెరిగిందమ్మా" అన్నారు.

ఇప్పుడు నేను అటవీ శాఖలో రేంజ్ ఆఫీసరుని. నా దగ్గర బీట్లలో పనిచేసే పిల్లలు రాసే పుస్తకాల్లో కొలవకుండా రాసిన అంకె ముందు 'అం' అని ఉంటుంది. అంచనా అని అర్థం. మొద్దులకు వేరే గడి ఉంటుంది. ఇది రూల్సులో ఉన్నది కాదు, నా రేంజిలో నేను పెట్టుకున్నది. ఒకసారి పైనుంచి తనిఖీకి వచ్చిన పెద్దాయన ఈ 'అం' ఏంటని అడిగితే చెప్పాను. పక్క రేంజి వాళ్లను కూడా అట్లాగే రాయమన్నారు. ఇది రాయాలా వద్దా అని ఆలోచించాను. రాస్తున్నాను. సారు చూడాలి.

నాయన పోయేముందు ఏడాది మా క్వార్టర్సులో నెల రోజులున్నాడు. సాయంత్రాలు వరండాలో కూర్చుని, స్టాఫ్ వచ్చి నాకు లెక్కలు చెప్తుంటే వినేవాడు. ఒక రోజు ఒక కుర్రాడు వెళ్లిపోయాక "వాడు తేడా చెప్పలేదు మే, అడగలేదేం?" అన్నాడు. ఆ కుర్రాణ్ని వెనక్కి పిలిపించాను.

2024 డిసెంబరులో, అక్కడి స్టాఫ్‌ను అడిగి, వాళ్లతో కలిసి మామండూరు వెళ్లాను. ఊరు ఇప్పుడు తిరుపతి జిల్లాలోకి వచ్చింది, వాగు మాత్రం అదే. మూల చెట్లకు మనం వేసిన పసుపు పట్టీలు ఎప్పుడో పోయాయి. సారు లెక్క చేయించిన ఆ చప్పటి రాయిని ఆనవాలుగా పట్టుకుని వెతికితే ఏడో ప్లాటు దొరికింది. మొసలి చర్మంలా పగిలిన ఆ బెరడు మీద చెయ్యి పెట్టి చాలాసేపు నిలబడ్డాను. 43 ఉన్నది ఇప్పుడు 59. దాదాపు 28 ఏళ్లలో 16 సెంటీమీటర్లు, ఏడాదికి అర సెంటీమీటరుకు కొంచెం పైన. 57ది లేదు. దాని చోట మొద్దు కూడా దొరకలేదు. రెండుగా చీలినది రెండు మానులతోనూ బతికే ఉంది. ఆ పాత మొద్దు పుచ్చిపోయింది. ఐదు పిలకల్లో ఒకటి నిలబడి మానైంది. చుట్టుకొలత 36.

వాగులోకి దిగి, సిగ్నల్ దొరికిన చోటి నుంచి సారుకు ఫోన్ చేశాను. ఇప్పుడు ఆయన మేడ దిగలేకపోతున్నారు, చెవి కూడా సరిగా వినపడదు. ఒక్కో అంకె రెండేసి సార్లు చెప్పాను. అంతా విని "36దానికి కర్ర ఏ వైపు పెట్టావ్?" అని అడిగారు.

"ఎగువ వైపే సార్."

"ఊఁ. 57 గురించి ఏం రాశావ్?"

"లేదని రాశాను సార్."

సభ శనివారం కదా. ఆదివారం పొద్దున్నే ఏడో ప్లాటుకు వెళ్దాం, అనుమతి సంగతి నేను చూసుకుంటాను. పీలేరు బెంగుళూరు నుంచి శుక్రవారం రాత్రికే వస్తానన్నాడు. కోడూరు తన తోటలో పెట్టిన ఎర్రచందనం రెక్కల కాయలు తెస్తానన్నాడు. నీళ్లు ఎవరివి వాళ్లు తెచ్చుకోండి, తలా రెండు సీసాలు. కర్ర నా దగ్గర ఉంది. నీలం చాక్‌పీసులు వాయల్పాడు తన స్కూలు నుంచి తెస్తుంది.

— బంగారుపాళెం అమ్మాయి, 1996–98 బ్యాచ్