ఏసీఎల్ ఆపరేషన్ తర్వాత మోకాలిలో మిగిలిన భయం

కబడ్డీలో కూతకెళ్లి వెనక్కి తిరుగుతుంటే ఎడమ పాదం మ్యాట్‌కి పట్టేసింది, ఒళ్లు మాత్రం తిరిగింది. ఎమ్మారైలో ఏసీఎల్, అంటే మోకాలి లోపల ఎముకల్ని పట్టి ఉంచే లిగమెంటు, పూర్తిగా తెగిందని తేలింది. తొడ వెనక స్నాయువు తీసి కొత్త లిగమెంటు వేశారు. ఆపరేషన్ బాగానే జరిగింది.

తొమ్మిది నెలలు దాటాక పెట్టిన పరీక్షల్లో కాలు పాసైంది. ఒంటికాలి గెంతులో మంచి కాలితో పోలిస్తే 90 శాతం పైనే వచ్చింది. వాపు లేదు. అయినా మ్యాట్ ఎక్కి పక్కకి అడుగు మార్చబోతే చాలు, చిప్ప కింద పోటు. పాదం కదలకముందే తొడ బిగుసుకుపోయేది, ఊపిరి ఆగిపోయేది. మా కోచ్ సార్ "ఏం లేదమ్మా, అంతా నీ మనసులోనే" అనేవారు. ఆ మాటకి రాత్రుళ్లు ఏడ్చాను. నొప్పి నాకు నిజంగా వచ్చేది మరి!

ఫిజియో మేడమ్ ఒక కాగితం నింపమన్నారు. టాంపా స్కేల్ అంటారట. 17 వాక్యాలు, ఒక్కోదానికి 1 నుంచి 4 మార్కులు. వ్యాయామం చేస్తే దెబ్బ తగులుతుందేమోనని భయపడుతున్నారా, ఇలాంటివి. మొత్తం 37 దాటితే కదలాలంటే భయం ఎక్కువని లెక్క. నాది దాటింది.

"నీ నొప్పి అబద్ధం కాదమ్మా. కాలు కోలుకుంది, మెదడే ఇంకా నమ్మట్లేదు. ప్రమాదం అనుకున్నచోట నొప్పి పుట్టించి నిన్ను ఆపుతోంది. ఆగితే తొడ బలం తగ్గుతుంది, చిప్ప మీద భారం పెరుగుతుంది, నొప్పి ఇంకా ఎక్కువవుతుంది" అన్నారు.

ఏసీఎల్ ఆపరేషన్ అయినవాళ్లలో మునుపటి స్థాయిలో ఆడగలిగేది సుమారు 65 శాతమేనని, అనేక అధ్యయనాలను కలిపి చూసి 2014లో తేల్చారు. మళ్లీ తగులుతుందన్న భయం అందుకు పెద్ద కారణాల్లో ఒకటి.

భయపడే పనులన్నీ తక్కువ నుంచి ఎక్కువకి నోట్‌బుక్‌లో రాయించారు: మెట్లు దిగడం, స్టూలు మీంచి దూకడం, పరుగులో దిశ మార్చడం, చివరికి చీలమండ పట్టు. చేసేముందు ఎంత నొప్పి వస్తుందనుకుంటున్నానో పదికి అంకె వేయాలి, చేశాక వచ్చిందెంతో పక్కన రాయాలి. స్టూలు దగ్గర ముందు 8 వేశాను, దూకాక 3. ఆ రెండంకెలనీ చాలాసేపు చూస్తూ కూర్చున్నాను. మూడు వరకు ఉంటే ఆపొద్దన్నారు. మర్నాడు పెరిగినా, వాపొచ్చినా తగ్గించమన్నారు.

చీలమండ పట్టు దగ్గరికొచ్చేసరికి జట్టులో చిన్నది "అక్కా, గట్టిగా పట్టనా?" అనడిగింది. పట్టవే అన్నాను. గీత అందలేదు, అవుటయ్యాను. ఎంత ఆనందమో!

తొడ చుట్టుకొలత టేపుతో కొలిచే ప్రతి స్పోర్ట్స్ హాస్టల్లోనూ ఆ కాగితం కూడా ఇవ్వాలి. నేను ఇప్పుడు మళ్లీ ఆడుతున్నాను. బోనస్‌కి వెళ్లినప్పుడు ఒక్కోసారి పోటు వస్తుంది, రెండో మూడో వేసుకుని ఆట కొనసాగిస్తాను.