మూడు పూతల కింది నంబరు

దాళ్వా, అంటే రెండో పంట వరి, కోతలు మొదలైతే మా ట్రక్కుకు ఊపిరాడదు. ఈ ఏడు సరిగ్గా వారం ముందు ఎఫ్‌సీ (బండి రోడ్డెక్కడానికి పనికొస్తుందని ఇచ్చే ఫిట్‌నెస్ సర్టిఫికెట్) గడువు వచ్చిపడింది. మా వైపు ట్రాక్టరును ఇంజను అనీ, వెనక తగిలించేదాన్ని ట్రక్కు అనీ అంటాం. రెండింటికీ నంబర్లు వేరు, కాగితాలు వేరు. 8 ఏళ్లు నిండేదాకా రెండేళ్లకోసారి చేయిస్తే సరిపోయేది. మాదానికి 11 ఏళ్లు, ఇక ఏటా ఈ తద్దినం తప్పదు.

జాకీ ఎత్తి చక్రాలు ఊపి చూస్తే కుడివైపుది టకటకమంది. బేరింగు మార్చాం. వెనక లైట్ల వైరు ఎలుకలు కొరికేశాయి, అదీ కొత్తదే. రేడియం స్టిక్కర్లు ముందు తెల్లవి, పక్కల పసుపువి, వెనక ఎర్రవి నేనే అంటించాను. ఇది బ్రేక్ ఇన్‌స్పెక్టరు కోసం చేసే పని కాదు. చీకట్లో రోడ్డు పక్కన ఆగిన ట్రక్కు, దగ్గరికి వచ్చేదాకా బైకు మీద వచ్చేవాడికి కనిపించదు.

రంగు వేయిస్తే సగం ఎఫ్‌సీ అయినట్టే అని మా నాన్న నమ్మకం. పెయింటరు పొద్దున్నే వచ్చి ఒక్క అంగుళం వదలకుండా ఎర్రగా పూసి వెళ్లాడు. సాయంత్రం చాసిస్ నంబరు, అంటే ట్రక్కు ఇనుప చట్రం మీద చెక్కిన నంబరు, దాని మీద కాగితం పెట్టి పెన్సిలుతో రుద్ది ప్రింటు తీద్దామని వెళితే నంబరే లేదు! చోటు తెలుసు, అంకెలే లేవు.

థిన్నరులో గుడ్డ ముంచి రుద్దాను. ఎరుపు పోయి నీలం వచ్చింది, దాని కింద మళ్లీ ఎరుపు. ఎమిరీ కాగితంతో గీకగా ఇనుము మెరిసింది కానీ ఒక అంకె మూడో ఎనిమిదో తేలలేదు. ఆర్సీలో ఎనిమిది. నాన్న సుద్దముక్క తెచ్చి గీతల్లోకి దిగేలా రుద్ది, పైన తడిగుడ్డతో తుడిచాడు. ఎనిమిది తెల్లగా పైకి తేలింది. చీకటి పడ్డాక టార్చి వెలుగులో ప్రింటు తీశాం.

మర్నాడు ఇన్‌స్పెక్టరు లైట్లు వేయించి చూశాడు, టైర్లు తట్టాడు, వంగి నంబరు చదివి ప్రింటుతో సరిచూసుకున్నాడు. పది నిమిషాల పని.

ఇంటికొచ్చేసరికి పెయింటరు మిగిలిన డబ్బుల కోసం కూర్చుని ఉన్నాడు. గీకిన చోటు చూసి, "అయ్యో, అక్కడ ఒక పూత వేసిపోతానండీ" అని కుంచె తీశాడు. నాన్న ఏమీ అనలేదు. గ్రీజు డబ్బాలో వేలు ముంచి నంబరు మీద మందంగా మెత్తి, ఇక పుయ్యి అన్నట్టు పక్కకు జరిగాడు.